ఎడం చేతి బొరిగె

నేను ఒక బొరిగెను. పచ్చికలో కలుపు తీసే బొరిగెను. జానెడు తుమ్మకర్ర పిడి, కొత్తలో నాలుగు వేళ్ల వెడల్పున్న రేకు, మొన దగ్గర ఎడమకి తిరిగిన చిన్న వంపు, అంతే నా ఆస్తి. ముందే చెప్పేస్తున్నాను, నాది మెత్తని స్వభావం కాదు. నా వయసు వచ్చిన వస్తువులు తమ కథ చెప్పుకుంటూ చెప్పుకుంటూ చివరికి అందరినీ క్షమించేస్తాయని విన్నాను. నేను క్షమించను. ఒంట్లో ఇనుము మిగిలినంతకాలం గుర్తు పెట్టుకుంటాను.

బొరిగెను కాకముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. ఇటుకలెక్కించినా, గోనె బేళ్లెక్కించినా, పెళ్లివారిని ఎక్కించినా కిక్కురుమనకుండా మోశాను. ఒకనాడు కల్వర్టు దిగుతూ నడిమికి విరిగాను. అన్నేళ్లు నా మీద కూర్చుని తిరిగిన డ్రైవరు కిందకి వంగి చూసి, విరిగినందుకు నన్నే బూతులు తిట్టాడు. మనుషుల గురించి నాకు మొదటి అభిప్రాయం అక్కడే ఏర్పడింది. తర్వాత అది మారడానికి వాళ్లెవరూ పెద్దగా కష్టపడలేదు.

ఒక్క మనిషి విషయంలో మాత్రం మారింది. ఆమె పేరు అసిరమ్మ.

కమ్మరి ముత్యాలాచారి కొలిమి దగ్గరికి ఆమె మొదటిసారి వచ్చినప్పుడు నేను పాత ఇనుము కుప్పలో ఉన్నాను. జూట్ మిల్లు గెస్ట్ హౌసులో లాను కలుపు తీసే పని దొరికిందట. ఎడం చేతికి బొరిగె చేసి పెట్టమంది.

"కుడి చేత్తో నేర్చుకోరాదేటే," అన్నాడు ఆచారి.

"అన్నం కుడిసేత్తోనే తింతన్నాను గదా మావా. పని కూడా దాంతోనే సెయ్యాలేటి?"

ఆచారి నవ్వి నన్ను కుప్పలోంచి లాగాడు. అందరి బొరిగెలకీ కుడివైపు ఉండే వంపు నాకు ఎడమకి తిప్పాడు. అంచు కూడా రెండోవైపే సానపట్టాడు. దీని సంగతి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా కథంతా దీని మీదే నడిచింది. ఎడం చేత్తో పట్టి ఒంటివైపు లాక్కుంటే నేను తీగ కింద సాఫీగా దూరి, వేరుతో సహా ఎత్తి చేతిలో పెడతాను. కుడి చేత్తో పట్టారా, నా రేకు అడ్డం తిరుగుతుంది. తీగ లేవదు. ముక్కలవుతుంది.

మిల్లు గెస్ట్ హౌసు ముందు అర ఎకరం లాను ఉండేది. దుప్పటిలా మెత్తగా ఉండే ఖరీదైన గడ్డి. దాని మీద నడవకూడదని మూడు బోర్డులు. మనుషులు గడ్డి పెంచుతారు, నీళ్లు పోస్తారు, కత్తిరిస్తారు, చివరికి దాని పక్కన సిమెంటు బాట మీద నడుస్తారు. ఆ లానుకి ఒకే ఒక శత్రువు, గరిక. అదే గరికని ఏడాదికి ఒకరోజు వినాయకుడి నెత్తిన పెట్టి దండం పెడతారు. మిగతా రోజులన్నీ పీకడానికి మనిషిని పెడతారు.

గరిక పాకుతుంది. పాకిన చోటల్లా కణుపు వేస్తుంది. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది. తొందరపడి తీగ లాగితే సగం తెగి చేతికొస్తుంది, మిగతా సగం నేలలో ఉండి వారానికల్లా మళ్లీ తలెత్తుతుంది. తెగిన ముక్క తడి నేల మీద పడినా చాలు, అదొక కొత్త మొక్క. అందుకని అసిరమ్మ ఎప్పుడూ తొందరపడలేదు. గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. తీగ కొస పట్టుకుని, కణుపు వెంట కణుపు, వెనక్కి వెనక్కి తల్లివేరు దాకా నన్ను నడిపించేది. ఎత్తిన ప్రతి ముక్కా గంపలో వేసేది. ఒక్కటి జారినా వెతికి తీసేది. సాయంత్రం ఆ గంప మిల్లు బయట బండరాయి మీద బోర్లించి, ఎండిపోయాక కాల్చేసేది. ఆరేళ్లు అలా చేశాం. ఆ ఆరేళ్లలో ఆమె ఒక్క కణుపు కూడా లానులో వదలలేదు. ఈ మాట నా మొన మీద ఒట్టేసి చెబుతున్నాను.

ఎస్టేట్ ఆఫీసరు చక్రపాణి గారు మూడో ఏట వచ్చాడు. ఆయన చెడ్డవాడని తీర్మానించేయాలని నాకు ఎంతో ఉంది. కాకపోతే న్యాయంగా చెప్పాలంటే ఆయన భయస్థుడు. మిల్లు పెట్టి యాభై ఏళ్లు నిండుతున్నాయని మా ఆరో ఏట డిసెంబరులో ఉత్సవం తలపెట్టారు. యజమాని కుటుంబమంతా వచ్చి ఆ లాను మీదే విందు చేసుకుంటుందని కబురొచ్చింది. లానులో ఒక్క కలుపు మొక్క చూపిస్తే చెవి కోసుకుంటానని ఆయన హెడ్డాఫీసుకి ఫోనులో చెప్పడం నేను విన్నాను. ఆ ఉత్సవం బాగా జరిగితే ఆయనకి హెడ్డాఫీసులో కుర్చీ దొరుకుతుందని క్వార్టర్సంతా అనుకునేవారు.

ఆషాఢంలో ఆయన లాను మీద చల్లడానికి రెండు ట్రాక్టర్ల కాలవమట్టి తోలించాడు. అసిరమ్మ గుప్పెడు మట్టి తీసి వేళ్లతో నలిపి చూసింది.

"ఇది కాలవ గట్టు మట్టి బాబూ. నిండా గరిక కణుపులే ఉన్నాయి. జల్లెడ పట్టి ఎయ్యాల."

"పచ్చిక పెంచడం నాకు నువ్వు నేర్పుతావా?" అన్నాడాయన. జల్లెడ పట్టకుండానే చల్లించాడు.

శ్రావణం వానలకి ఆ కణుపులన్నీ లేచాయి. ఒకచోట పీకి వెనక్కి తిరిగేసరికి రెండుచోట్ల కనిపించేది. నేనూ ఆమే పొద్దున్నుంచి సైరను కూసేదాకా నడుం ఎత్తకుండా తవ్వాం. మట్టి గురించి ఆమె మళ్లీ ఒక్క మాటైనా ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కానీ ఆయన రోజూ వరండాలో నిలబడి ఆమె వీపు కేసి చూస్తుండేవాడు. తన తప్పు మొలకెత్తుతుంటే ఒప్పుకోలేక, ఇంకెవరు నాటారా అని వెతుకుతున్న చూపు అది.

వినాయక చవితి ముందురోజున ఆయనకి ఆ మనిషి దొరికింది.

అంతకు ముందురోజే ఆయన భార్య విశాలాక్షి గారు పూజకి గరిక కావాలంది. "లాన్లోది వద్దు అసిరమ్మా, దానికి మందు కొట్టారు. రేపు వచ్చేటప్పుడు కాలవ గట్టున శుభ్రమైనది చూసి తీసుకురా. క్వార్టర్సులో అందరూ అడుగుతున్నారు, కాస్త ఎక్కువే తే," అంది. నేను అసిరమ్మ నడుముకే ఉన్నాను, నా చెవులతో విన్నాను. తెల్లారి అసిరమ్మ కాలవలో మోకాళ్ల లోతు దిగి, లేత గరిక చూసి, వేళ్లతో సహా నాతో తీసింది. వేళ్లుంటే మర్నాటి పూజ దాకా వాడిపోదు. గంపెడు గరిక కడిగి నెత్తిన పెట్టుకుని, షిఫ్టు మారే వేళకి గేటు దగ్గరికి వచ్చింది. చక్రపాణి గారు అక్కడే ఉన్నాడు.

"గంపలో ఏమిటది?"

"గరికండి బాబూ. అమ్మగోరు పూజకి తెమ్మన్నారు."

"వేళ్లతో సహానా?"

"ఏళ్లుంటే రేపటిదాకా వాడదండి."

ఆయన వరండా వైపు తిరిగి భార్యని పిలిచాడు. విశాలాక్షి గారు వచ్చి గంప చూసింది, భర్త మొహం చూసింది. షిఫ్టు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ నూట యాభై మంది నిలబడి చూస్తున్నారు. ఆమెకి ఒక్క నిజం చెప్పే అవకాశం వచ్చింది.

"నేను ఒక గుప్పెడు తెమ్మన్నానండి," అంది. "గంపెడు తెమ్మనలేదు."

చక్రపాణి గారు బూటు కాలితో గంపని తన్నాడు. గంప బోర్లాపడింది. గరికంతా గేటు పక్కన లాను అంచు మీద కుప్పగా పడింది.

"అందుకన్నమాట ఎంత పీకినా తరగనిది," అన్నాడు అందరికీ వినబడేలా. "పని పోకుండా ఉండాలని నువ్వే తెచ్చి నాటుతున్నావు."

"నాను నాటినాననా బాబూ?" అంది అసిరమ్మ. ఒక్కసారే అంది. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఆయన ఆమె నడుము నుంచి నన్ను లాక్కున్నాడు. కంపెనీ సామానన్నాడు.

"అది నా సేతిది. మీ సామాన్లలో ఎడం సేతి బొరిగె ఇంకోటుంటే సూపించండి," అంది.

ఆయన నా వంక చూడనైనా చూడలేదు. గేటు మూసేశారు. ఖాళీ గంప తీసుకుని ఆమె వెళ్లిపోతుంటే, వెనకనుంచి ఎవడో "నాటే అసిరమ్మ" అన్నాడు. పదిమంది నవ్వారు. ఆరేళ్లు ఒక్క కణుపు వదలని మనిషికి ఆ పూటతో ఆ పేరు పడింది. అది చూసిన నాకు ఒళ్లంతా కొలిమిలో పెట్టినట్టు అయింది. ఆ రోజే నేను నిర్ణయించుకున్నాను. కాళ్లూ చేతులూ లేని ఇనప ముక్క ఏం చేస్తుందిలే అని మీరనుకోవచ్చు. ఏమైనా చేస్తుందని ఆయనా అనుకోలేదు.

ఆ కుప్ప అలాగే ఉండాలని, మూడురోజులు అందరూ చూడాలని ఆయన హుకుం జారీ చేశాడు. వాచ్‌మన్ గౌరునాయుడు మంచివాడు. "వానొస్తంది సార్, తీసేద్దునా?" అని అడిగాడు. వద్దన్నాడాయన. మర్నాడు పొద్దున విశాలాక్షి గారు చుట్టూ చూసుకుని, ఆ కుప్పలోంచే ఇరవై ఒక్క జతల గరిక ఏరుకుని పూజకి తీసుకెళ్లింది. మిగతాది మూడురోజుల వానలో హాయిగా నానింది. నాలుగో రోజు గౌరునాయుడు ఎత్తబోతే అడుగు పొర చేతికి రాలేదు. నేలలో వేళ్లు దిగిపోయాయి.

నన్ను ఆఫీసులో ఆయన బల్ల మీద సాక్ష్యంగా పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. కొత్త కలుపు మనిషిని పెట్టుకోమంటే ఎవరినీ నమ్మనన్నాడు. వచ్చినవాళ్లు మాత్రం నాటరని నమ్మకమేమిటి అన్నాడు. చివరికి ఒక ఆదివారం టోపీ పెట్టుకుని, నన్ను పట్టుకుని, తనే లానులో కూర్చున్నాడు.

కుడి చేత్తో పట్టుకున్నాడు.

నా జీవితంలో నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ పని చేయలేదు. ఆయన తీగ కింద దూర్చబోతే నేను అడ్డం తిరిగాను. ఆయన లేపబోతే నేను కోశాను. ఒక తీగని ఏడు ముక్కలు చేశాను, ముక్కకి రెండు కణుపుల చొప్పున. పైన కనిపించిన ఆకు చేతికి రాగానే ఆయన తృప్తిగా పక్కన పడేసేవాడు. పడేసిన చోట అది పాతుకునేది. ఒకసారి బలంగా నొక్కితే బొటనవేలు కూడా కోశాను. అది పొరపాటున జరగలేదు. ఆయన డాక్టరు దగ్గరికెళ్లి సూది వేయించుకుని, మర్నాడు కట్టుతో మళ్లీ వచ్చాడు. తవ్వడం అయ్యాక రోజూ పైపు పట్టుకుని లాను తడిపేవాడు. నేను ముక్కలు చేసి పరిచినదానికి ఆయన స్వయంగా నీళ్లు పోశాడు. ఇంతకన్నా ఏం కావాలి నాకు.

ఆశ్వయుజం వెళ్లేసరికి గేటు వైపు నుంచి ఒక దండు, వరండా వైపు నుంచి ఒక దండు బయల్దేరి లాను మధ్యలో కలుసుకున్నాయి. మెత్తని గడ్డి పసుపు పచ్చబడింది. పట్నం నుంచి పిలిపించిన నర్సరీ ఆయన ఒక చోట మోకాళ్ల మీద కూర్చుని, మట్టి తీసి చూసి, "దీన్ని ఎవరు తవ్వారు సార్? తవ్వలేదండీ, నారు పోశారు," అన్నాడు. చక్రపాణి గారు కట్టు కట్టిన వేలు వెనక్కి దాచుకున్నాడు. ఉత్సవం నలభై రోజుల్లో పడింది.

ఇక మిగిలింది ఒక్క మనిషి. గౌరునాయుడితో అసిరమ్మకి కబురు పంపాడు. ఆమె రానంది. మళ్లీ పంపాడు. మళ్లీ రానంది. గౌరునాయుడు వచ్చి ఆయన ముందు నిలబడి చెప్పిన మాటలు నేను బల్ల మీంచి విన్నాను. "వేరుశనగ కలుపుకి పోతే కూడా పక్కన కూకోనివ్వడం నేదంట సార్. పీకుతాదో నాటుతాదో అని ఎగతాళి సేస్తన్నారంట." చక్రపాణి గారు తల ఎత్తకుండా, ఆమె ఏం అడిగితే అది ఇస్తానని చెప్పమన్నాడు.

మూడోసారికి ఆమె వచ్చింది. చిక్కిపోయింది. గెస్ట్ హౌసు మెట్ల కింద నిలబడి లానంతా ఒకసారి చూసింది. నేను ముక్కలు చేసిన తీరు చూడగానే ఆమెకి తెలిసిపోయింది, నన్ను ఏ చేత్తో పట్టారో. పెదవి కొస కొంచెం కదిలింది.

"పెతి సాయంత్రం సైరనేళకి, పీకిన గరిక గంపలో ఏసి ఇస్తాను," అంది. "ఆ గంప మీరే నెత్తినెట్టుకుని గేటు దాకా మొయ్యాల. నాయుడు అడుగుతాడు, లోనికా బయటికా అని. బయటికి అని మీరు సెప్పాల. సెప్పి మీ సేత్తోనే బోర్లించాల. నాకింకేటీ ఒద్దు."

చక్రపాణి గారు కుర్చీలోంచి సగం లేచాడు. లాను చూశాడు. మళ్లీ కూర్చున్నాడు. లోపలికెళ్లి నన్ను తెచ్చి ఆమె చేతికి ఇచ్చాడు. రెండు నెలల తర్వాత ఆ ఎడం అరచేయి నా పిడి మీద పడింది. తుమ్మకర్రలో ఆమె బొటనవేలు అరగదీసిన గుంట ఉంది, వేలు సరిగ్గా అందులోకి వెళ్లి కూర్చుంది. ఏడవడం వస్తే అప్పుడు ఏడ్చేదాన్ని.

మొదటిరోజు సాయంత్రం ఆయన గంపలోంచి నాలుగు పోచలు తీసి చేత్తో పట్టుకుని గేటు వైపు నడవబోయాడు. విశాలాక్షి గారు వరండాలో ఉంది. అసిరమ్మ ఆమె వంకే చూస్తూ అంది.

"గుప్పెడు కాదు బాబూ. గంపెడు."

విశాలాక్షి గారు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆయన గంప ఎత్తుకున్నాడు. తడి మట్టి చొక్కా మీదకి కారింది. నూట యాభై మందీ దారి ఇచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు, నవ్వితే బాగుండేదని ఆయనకి అనిపించి ఉంటుంది.

"లోనికా, బయటికా సార్?" అని అడిగాడు గౌరునాయుడు కళ్లు దించుకుని.

"బయటికి."

"ఇనబడనేదు," అంది అసిరమ్మ వెనకనుంచి.

"బయటికి," అన్నాడాయన గట్టిగా.

ఇరవై ఎనిమిది రోజులు మోశాడు. ఆమె ఒక్క రోజు కూడా మాఫీ చేయలేదు. జ్వరమని కబురు పంపిన రోజున గంప ఆయన గుమ్మం ముందు పెట్టి కూర్చుంది, ఆయన శాలువా కప్పుకుని వచ్చేదాకా. పది రోజులయ్యేసరికి "నాటే అసిరమ్మ" అన్న పేరు ఎవరి నోటా వినబడలేదు. మిల్లులో ఇప్పుడు ఇంకొకరికి పేరు పెట్టారు. అది నేను చెప్పను, కానీ అందులో గంప ఉంది.

పని మాత్రం ఆమె పనిలాగే చేసింది. కణుపు వెంట కణుపు, తల్లివేరు దాకా. నేను చేసిన ముక్కలన్నీ నేనే ఏరాల్సి వచ్చింది, దానికి నాకు చింత లేదు. ఎండిపోయిన చోట్ల కొత్త గడ్డి పలకలు తెచ్చి అతికారు. ఉత్సవం ముందురోజు మధ్యాహ్నానికి అర ఎకరంలో ఒక్క గరిక పోచ లేదు. చక్రపాణి గారు చెప్పుల్లేకుండా వచ్చి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూసుకున్నాడు.

"రేపట్నుంచి మళ్లీ పనిలోకి రా అసిరమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, "అప్పుడు పొరపాటు జరిగింది," అని కూడా అన్నాడు. పక్కన ఎవరూ లేరు.

"అది గేటు కాడ అనాల బాబూ," అంది ఆమె.

ఆయన గేటు వైపు చూశాడు. షిఫ్టు మారే వేళయింది, మనుషులు చేరుతున్నారు. ఇరవై ఎనిమిది గంపలు మోసిన మనిషి ఆ ఒక్క మాట అక్కడిదాకా మొయ్యలేకపోయాడు. రేపటి ఏర్పాట్లు చూసుకోవాలంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అసిరమ్మ మెట్ల పక్కకి వెళ్లి గోనెపట్టా పరుచుకుంది. యజమాని కుర్చీ వేయడానికి సున్నంతో గీత గీసిన చోటు అది. అక్కడ కలుపు లేదే, ఏం తవ్వుతుందా అనుకున్నాను. ఆమె చీర కొంగు ముడి విప్పింది. అందులో తడిగుడ్డ, తడిగుడ్డలో రెండు కణుపుల గరిక ముక్క. నాతో రెండు వేళ్ల లోతు నేల తెరిచింది. ముక్కని పడుకోబెట్టి, మట్టి కప్పి, బొటనవేలితో నొక్కింది.

"నాటినానన్నారు గదా," అంది, నాకు మాత్రమే వినబడేలా. "ఇదిగో, నాటినాను."

ఆ రోజుతో ఆమె ఆ మిల్లు పని మానేసింది. ఖాళీ గంప చంకనెట్టుకుని, నన్ను నడుముకి దోపుకుని గేటు దగ్గరికి వస్తే, గౌరునాయుడు అలవాటుగా అడిగేశాడు.

"లోనికా, బయటికా అప్పా?"

"లోనికేరా నాయుడూ," అంది ఆమె, బయటికి నడుస్తూ.

పాపం, అతనికి అర్థం కాలేదు.

ఇప్పుడు నేను అసిరమ్మ ఇంటి చూరులో ఉన్నాను. నా రేకు అరిగి అరిగి రెండు వేళ్ల వెడల్పు మిగిలింది. ఆమె ఇప్పుడు వేరుశనగ చేలల్లో కూలికి వెళుతుంది, పక్కన కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఉత్సవం బ్రహ్మాండంగా జరిగిందట. చక్రపాణి గారికి హెడ్డాఫీసు కుర్చీ మాత్రం రాలేదట, ఇంకా అక్కడే ఉన్నాడట. ఈ ఏడు ఆషాఢం ముందే వచ్చింది. వాన మొదలైనప్పుడల్లా నేను మిల్లు వైపు చెవి పెట్టి వింటాను. గరిక పాకితే చప్పుడు రాదని నాకూ తెలుసు. అయినా వింటాను.